నా కోసం చేయించిన ఇనుప కుర్చీ

సహోదరీ సహోదరులారా, ఈ ఉదయగిరి సంఘంలో మీరందరూ మోకరించి ప్రార్థిస్తుంటే నేనొక్కడినే ఇనుప కుర్చీలో కూర్చునేవాణ్ణి, రెండు చెక్క కుర్చీలు విరగ్గొట్టాక పాస్టరుగారు ప్రేమతో నా కోసమే చేయించిన కుర్చీ అది! ఆత్మకూరులో నాయన చిల్లర కొట్టులో బెల్లం నములుతూ పెరిగినవాణ్ణి, బేరం చేయనిదే ఉప్పు కూడా కొననివాణ్ణి, ఒళ్లు మాత్రం ఏ బేరమూ లేకుండా పెంచుకున్నాను. మోకాళ్లు వాచి మండేవి, నిద్ర లేదు, ఊరికే గుండె దడ, పలకరించినవాళ్లనల్లా కసురుకునేవాణ్ణి. నా చెప్పుల చప్పుడు వింటే నా భార్య మార్తమ్మ వంటింట్లోకి తప్పుకునేది. ఆ సంగతి గమనించిన రోజు సిగ్గుతో చచ్చిపోయాను.

"ప్రభువా, కత్తి లేకుండా బాగుచెయ్యి, ఆదివారం పలావు మానేస్తాను" అని దేవునితోనే బేరం పెట్టాను. జవాబు రాలేదు. చూపించుకోను మద్రాసు పోతే అక్కడి డాక్టరమ్మ మాత్రం పొట్టను చిన్నది చేసే ఆపరేషన్ అన్నది, మన వైపు ఎవరూ వినని మాట!

"పేరుకున్న కొవ్వు ఒళ్లంతా వాపు రాజేస్తుంది. పులి ఎదురైతే ఊరవలసిన హార్మోన్లు మీకు పులి లేకుండానే ఊరుతున్నట్టున్నాయి. బరువు దిగితే రెండూ తగ్గవచ్చు, అందరికీ ఒకేలా ఉండదు" అన్నదామె.

"పొట్టను సగమే కోస్తే చాలదా తల్లీ?" అని బేరమాడాను.

"సంత అనుకున్నావా ఏందయ్యా? నోరు మూసుకో!" అన్నది మార్తమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

ఒప్పుకుని ఆపరేషన్ బల్ల మీద పడుకున్నాక కళ్లు మూసుకున్నాను. "ప్రభువా, ఇక బేరం లేదు. బతికిస్తే ఒక్కసారి నీ ముందు మోకరించనియ్యి" అన్నాను.

బతికించాడు! మన ఊరి చెక్క చెంచాతో మూడు చెంచాల జావ తాగితే కడుపు నిండేది. నెలలు గడిచేకొద్దీ మోకాళ్ల మంట చల్లారింది, నిద్ర పట్టింది, రక్తపరీక్షలో వాపూ ఆ హార్మోన్లూ తగ్గాయని డాక్టరమ్మ చూపించింది. ఇంత నేర్పుగా మనిషిని చేసినవాని పనితనం ఏమని చెప్పను! ఒకనాడు మార్తమ్మ గుమ్మంలోకే ఎదురొచ్చి, "ఏందయ్యా, పిల్లిమాదిరి వస్తుండావు?" అని నవ్వింది.

పోయిన వారం మా ఇంటి కృతజ్ఞతా కూడికలో మీరు పలావు తిన్నారు, నేను మూడు చెంచాలు తిన్నాను. ప్రార్థన అనగానే మార్తమ్మ అలవాటుగా మన సంఘం గుడి నుంచి తెప్పించిన ఇనుప కుర్చీ లాగింది.

"పక్కన పెట్టు" అన్నాను.

"కూలబడితే మళ్లా లేస్తావా?"

మోకరించాను. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచాను. మహిమంతా ఆయనదే!

ఆ కుర్చీ ఇప్పుడు ఖాళీగా ఉంది. ఒళ్లు బరువైనవారు, మనసు బరువైనవారు వచ్చి కూర్చోండి. బేరం మాత్రం పెట్టకండి, ఆయనను నమ్మండి. లేపేది ఆయనే.