మూడు జాడీల ఉప్పు

రాజామణి కర్మలు ముగిసిన మర్నాడే గోవిందయ్య పనిలోకి వెళ్లాడు. కొడుకుల్లేరు కనుక భార్యకు కర్మ తనే చేశాడు, పది రోజులూ ఉప్పు లేని చప్పిడి తిండి తిన్నాడు.

హౌగాంగ్ పేటలో ఓ చీనా కుటుంబం సోయా సాస్ తయారు చేసే ఆవరణ అది. ఎండలో వంద జాడీలు. పేరాక్ రబ్బరు తోటల నుంచి కుర్రతనంలో వచ్చి చేరిన గోవిందయ్య ముప్పై ఏళ్లుగా వాటి మూతలు తీస్తున్నాడు, మబ్బు పడితే మూస్తున్నాడు. ఉప్పునీటిలో సోయా గింజలు సరిగా ఊరుతున్నదీ లేనిదీ చిటికెన వేలు ముంచి, నాలుకకు రాసుకుని చెప్పేస్తాడు. చుట్టుపక్కల ఫ్లాట్ల బ్లాకుల వాళ్లు సీసాలు తెచ్చి నింపించుకుపోయేది ఆ మాట మీదే.

ఆ ఉదయం కొత్త జాడీలో వేలు ముంచి నాలుకకు రాసుకుంటే గొంతు మండింది. తర్వాతి రెండూ అంతే.

"తౌకే, ఉప్పు ఎక్కువైంది. నీళ్లు కలపాలి" అన్నాడు ముసలి యజమానితో.

"కొలిచే వేశానే." తౌకే గొణిగాడు. "సరే, నాలుక నీది. కలుపు."

కాచి చల్లార్చిన నీళ్లు మూడు జాడీల్లో పోశాడు. నాలుగోది పాత జాడీ, ఏడాదిగా రోజూ రుచి చూస్తున్నదే. అదీ ఉప్పు కషాయంలా తగిలింది. చెయ్యి ఆగిపోయింది. అన్నీ ఒకేసారి చెడిపోతాయా?

సాయంత్రం కూతురు శర్మిల చారు పోసింది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమక పడతాయని ఆ ఏడాదంతా వాటిని సరిచేసే ఆఫీసులోనే ఆమె రోజులు గడుస్తున్నాయి.

"ఉప్పెక్కువేశావమ్మా."

"లేదు లా, నాయనా," అంది శర్మిల అక్కడి యాసలో. "హాఫ్ స్పూనే. ఎదురింటి ఆంటీ చప్పగా ఉందంది. పది రోజులు ఉప్పు లేకుండా తిన్నావు కదా, నీ నాలుకే అప్‌సెట్."

గోవిందయ్య కంచం పక్కకు జరిపాడు. చప్పిడి తిండి వల్లే అయితే నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. కానీ ఇరవై ఎనిమిదేళ్లుగా పొద్దున్నే రాజామణి చేతి చారు తాగి వెళ్లి జాడీ రుచి చూసేవాడు. ఎక్కువా తక్కువా అన్నది దాన్ని బట్టే తెలిసేదేమో. ఇక దేన్ని బట్టి తెలుస్తుంది?

మర్నాడు తౌకే ముందు నిలబడ్డాడు.

"నిన్న పొరపాటు చేశాను. ఆ మూడింటికీ ఉప్పు తక్కువైంది. అలా వదిలేస్తే బూజు పడుతుంది."

"ఎంత వెయ్యాలి?"

"తెలీదు తౌకే."

 ముసలాయన ఉప్పు సంచీ ఈడ్చుకొచ్చి, దోసెడు వేసి కలిపి, తనే వేలు ముంచాడు. మరో దోసెడు వేశాడు.

"చాలా?"

గోవిందయ్య రుచి చూశాడు. నోరంతా ఉప్పే. వద్దు అనబోయి, నిన్న నీళ్లు పొయ్యమన్నదీ ఈ నాలుకే కదా అని ఆగాడు.

"ఇంకొంచెం వెయ్యండి" అన్నాడు.