కొవ్వు కోయని తునకలు

తెలంగాణ గొడవలతో బళ్లూ బస్సులూ బందయిన ఏడు నా పెండ్లి అయింది. గూడూరు దగ్గరి మా ఊరి నుంచి జఫర్‌గఢ్ దిక్కున్న అత్తగారి ఊరికి ఎడ్లబండి మీద వచ్చాను. రెండిళ్లలోనూ పోతును కోసి పెద్దకూర వండనిదే పండుగ జరగదు. కానీ దున్నపోతును ఎట్లా మేపాలన్న దగ్గర రెండిళ్లకు పొత్తు కుదరదు. మా పుట్టింటి వాళ్లు దాన్ని అడవిలోకి తోలి మరిచిపోతారు. అత్తగారింట్లో పగలంతా మెట్ట చెలకల్లో తిప్పి, ఇంటికొచ్చాక ఇంత జొన్నచొప్ప పడేస్తారు. నాకు మాత్రం రెండూ పిసినారి మేపులుగానే కనిపించేవి.

పెండ్లయిన నాలుగో ఏడు వానలు సరిగా పడలేదు. భూపాలపల్లి అడవుల్లో వెదురు కొట్టే కూపుకు పోతానన్నాడు మా ఆయన. నాలుగు నెలల పని. అక్కడ అంగడి ఉండదు, మోసుకుపోయిందే తిండి. ఇన్ని జొన్నలు, ఇన్ని తునకలు. కూరను పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి దండెం మీద ఎండేస్తే అవే తునకలు. గుప్పెడు తీసి చింతపులుసులో వేస్తే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. ఆయన అసలే బక్క మనిషి. పొద్దంతా గొడ్డలి ఎత్తాలంటే ఒంట్లో ఏదో ఒకటి ఉండాలి కదా. మా ఇంట్లో రెండేండ్ల పోతు ఒకటి ఉంది. ఆయన పోయే ముందు దాన్ని కోసుకుందాం, అప్పటి దాకా నేనే మేపుతానని ముందుకొచ్చాను.

ఏం పెట్టాలని అడిగితే మనిషికో మాట చెప్పారు. "తిరిగే పోతుకే కూర వడతది పిల్లా. కట్టేస్తే నీళ్లు వడతయి" అంది అత్త. తెల్లారి ఆమే వచ్చి, "జర కుడితన్న పొయ్యి, బొక్కలు తేలినయి" అంది. మా బాపు చూడవచ్చి, అడవి ఆకు తినని పోతు పోతే కాదన్నాడు. ఎవరిది నిజమో అర్థం కాక తల తిరిగిపోయింది.

అప్పుడే పశువుల దవాఖాన కాంపౌండరు టీకాలు వేయడానికి వచ్చాడు. కోస్తా మనిషి. పోతు ఒళ్లు చేయాలంటే ఏం పెట్టాలని అడిగాను.

"దేనికమ్మా? దుక్కికా, అమ్మకానికా?"

కోసుకు తినడానికి అన్న మూడో మాట నా నోటికి రాలేదు. కోస్తా వాళ్లు మన మాట వింటేనే నవ్వుతారు, ఇంక మన కూర సంగతి ఎట్లా చెప్పేది? సిగ్గుపడ్డాను. "అమ్మతందుకే సారూ" అన్నాను.

"అయితే తిప్పకండి. కట్టేసి మేపండి. తవుడు, వేరుశనగ చెక్క దండిగా పెట్టండి. మూడు నెలల్లో నిగనిగలాడుతుంది, చూసుకోండి."

చదువుకున్న మనిషి చెప్పిందే ఖాయమనుకున్నాను. పెద్దిళ్లలో వడ్లు దంచితే నాకు తవుడు ఇచ్చేవారు. అందులో ఇంత జొన్నపిండి కలిపి రొట్టెలు చేసుకునే ఇల్లు మాది. ఆ తవుడంతా పోతు తొట్టిలోకి పోయింది. నేను జొన్నరవ్వ గటక తాగి, రొట్టె తిన్నానని అత్తతో అబద్ధం చెప్పేదాన్ని. పోతు కదలకుండా నిలబడి నమిలేది. వీపు మీద చెయ్యి పెడితే వేళ్లు దిగేవి. "గది పోతా, ఏనుగా?" అనేది అత్త. ఆమె మాటలు నాకు దున్నపోతు మీద వానే.

కోసిన నాడు వాడంతా నన్నే పొగిడింది. కొవ్వు వెన్నముద్దల్లా తెల్లగా ఉంది. పండ్లు లేని ముసలోళ్లు కూడా ఆ కూర మెత్తగా మింగి, "ఏం మేపినవు బిడ్డా" అన్నారు. నాకు గాలిలో తేలినట్టు అయింది.

మరునాడు మా వంతు కూరను తునకలుగా కోస్తుంటే అత్త వచ్చి కూర్చుంది.

"కొవ్వు కోసెయ్ పిల్లా. గిది ఎండది."

"నా మూడు నెలల తవుడు గీ కొవ్వులనే ఉన్నది. కొయ్య" అన్నాను.

దండెం కింద నేల జిడ్డు పట్టింది, చీమలు బారులు కట్టాయి. నాలుగు ఎండలకే కట్టెల్లా విరగాల్సిన తునకలు వారమైనా వంగుతున్నాయి. మేత తక్కువైందా, ఉప్పు తక్కువైందా? ఇంకో రెండు దోసిళ్ల ఉప్పు పట్టించి సంచి కుట్టి ఇచ్చాను. అత్త దండెం కింది చీమలను ఊడ్చుకుంటూ పోయింది. అది నాకు ఇంకా కోపం తెప్పించింది.

ఎండాకాలంలో ఆయన తిరిగొచ్చాడు. మెడ కింద గుంటలు పడ్డాయి. సంచి ఉతికి, మడిచి తెచ్చాడు.

"తునకలు ఎట్లుండె?"

"మంచిగుండె."

మరి మనిషి ఎందుకిట్లా చిక్కాడు? అడవి నీళ్లు పడలేదేమో అనుకున్నాను. ఆ "మంచిగుండె"ను మాత్రం అత్త ముందు పదిసార్లు అన్నాను. వానలు వెనక్కిపోగానే ఇంకో దూడను కొట్టంలో కట్టేసి, మళ్లీ తవుడు గంప దించాను.

ఆయనతో కూపుకు పోయిన పక్కింటి అన్న అది చూసి ఆగిపోయాడు. "మళ్ల గదే మేతనా చెల్లె? పోయినేడు తునకలు పదిహేను దినాలకే కనరువట్టె. సంచి తెరిస్తే గుడిసెల ఎవ్వరు ఉండకపోతిరి. మీ ఆయన గుంత తీసి పూడ్చిండు."

గంప అక్కడే వదిలి ఇంట్లోకి పోయి అరిచాను. ఆయన మీదనా, నా మీదనా, ఆ కాంపౌండరు మీదనా నాకే తెలియలేదు. ఆ సారు చెప్పిందాంట్లో తప్పు లేదు, పోతు నిగనిగలాడింది. అత్త చెప్పిందాంట్లోనూ తప్పు లేదు. పండ్లు లేనోళ్లు మెత్తగా తిన్న కూరే ఎండితే ఎందుకు పాడైంది? ఆ కొవ్వు మంచిదా, చెడ్డదా? కాంపౌండరుకు నిజం చెప్పి ఉంటే ఏమనేవాడో!

"నాకు ఒక్క మాట చెప్తే ఏమాయె?" అన్నాను.

"ఎట్ల చెప్పాలె? గంత కష్టవడి మేపితివి."

"మరి నాలుగు నెలలు ఏం తిన్నవు?"

ఆయన నా మొహంలోకి చూడలేదు. "నువ్విక్కడ ఏం తిన్నవో గదే. గటక."

నేను దాచింది ఈయనకు ముందే తెలుసు. కొట్టంలోకి పోయి, దూడ పలుపు విప్పి అత్తకు ఇచ్చాను. ఆమె దాన్ని చెలకల దిక్కు తోలుకుపోయింది. గంపలోని తవుడుతో ఆ పూట రొట్టెలు చేసి, ఇద్దరం ఒక్క దగ్గర కూర్చుని తిన్నాం.