పలుపుతో తోలుకొచ్చిన కారు

దయ్యాలంటే నాకు భయం లేదు, భక్తీ లేదు. ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకాన్ని. గుంటూరు నుంచి పటాన్‌చెరు ఫ్యాక్టరీకి ఫిట్టరుగా వచ్చినవాణ్ణి. ఇనుము ఎందుకు కదులుతుందో, ఎందుకు కదలదో నాకు తెలుసు. అందుకే ఈ సంగతి చెప్పాలంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

డెబ్భైలలో మాట. నాతోపాటు పనిచేసే మల్లేశానిది పక్కనే ఉన్న ఇంద్రేశం ఊరు. అతని భార్య యాదమ్మను తొలికాన్పు నొప్పులతో ఎడ్లబండిలో సంగారెడ్డి ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, దారిలోనే బిడ్డ పోయింది. మళ్లీ నెలలు నిండుతున్నాయనగా, ఈసారి బండి కట్టేది లేదని మల్లేశం పంతం పట్టాడు. భూమి ఫ్యాక్టరీలకు పోయి వచ్చిన సొమ్ముతో జోగిపేటలో ఒక ముసలాయన దగ్గర పాత అంబాసిడర్ బేరం చేశాడు. ఇంజను చూడమని నన్ను వెంట తీసుకెళ్లాడు.

స్టీరింగు చుట్టూ ఎర్రటి నూలుతాడు బిగించి చుట్టి ఉంది. ముసలాయన స్వయంగా పేనిన తాడట. తాళంచెవి ఇచ్చే ముందు దాన్ని విప్పుకుంటానన్నాడు. ఈ వైపు పశువును అమ్మినవాడు పలుపుతాడు ఇవ్వడు. కొన్నవాడే తన తాడు తెచ్చుకుని, కట్టి తోలుకుపోవాలి. పలుపుతో ఇస్తే పశువు కొత్త కొట్టంలో నిలవదంటారు.

"గిదేమన్న బర్రెనా, పెద్దమనిషీ? కారు కొన్న, తాడు సుత నాదే," అని మల్లేశం చెయ్యి అడ్డం పెట్టాడు.

ముసలాయన మొహం మాడిపోయింది. "తీస్కపో. మల్ల నా ఇంటి ముంగటికొచ్చి మొత్తుకోకు," అని తలుపు వేసుకున్నాడు. మంచినీళ్లు కావాలా అని కూడా అడగలేదు.

ఇక ఆదివారం వస్తే మేమిద్దరం మల్లేశం వాకిట్లో ఆ కారు మీదే పడేవాళ్లం. యాదమ్మ పడుకోవడానికి వీలుగా వెనక సీటుకు కొత్త స్పంజి వేశాం. బ్రేకులు మార్చాం, కిటికీలకు తెరలు కట్టాం. అంతవరకూ కారు కుదురుగానే ఉంది. చివరికి స్టీరింగుకు రెగ్జిన్ తొడుగు కుడదామని మల్లేశం ఆ తాడును కత్తితో ముక్కలు ముక్కలుగా కోశాడు. యాదమ్మ ఆ ముక్కలన్నీ తీసుకెళ్లి నీళ్లపొయ్యిలో వేసింది. అవి కాలుతుంటే నేను చూశాను.

అప్పటి నుంచి ఆ కారు మా మీద పగబట్టింది. ఇంకో మాట దొరకడం లేదు నాకు. అప్పటికి కారు ముందు చక్రాలు రెండూ ఊడదీసి, కింద రాళ్లు పెట్టి ఉంచాం. ఇంజను ఆపేసి ఉంది. మల్లేశం చెయ్యి వేయగానే స్టీరింగు గిర్రున తిరిగి బొటనవేలు విరిచినంత పని చేసింది. విప్పి చూశాను. గేరు పళ్లు బాగానే ఉన్నాయి, గ్రీజూ ఉంది. మళ్లీ బిగించి పట్టుకుంటే నన్నూ అలాగే కొట్టింది. "దీని దుంపతెగ!" అని స్పానరు విసిరేశాను. ఎప్పుడు తిరిగినా ఒక్కవైపే తిరిగేది.

యాదమ్మ గడపలో నిలబడి చూస్తోంది. "గది జోగిపేట దిక్కే మల్లుతుందే అన్నా," అంది.

"ఊరుకో చెల్లెమ్మా, ఇనుముకి దిక్కులు తెలుస్తాయా?" అని కసిరాను.

చక్రాలు బిగించిన కొద్దిరోజులకే, ఒక మధ్యాహ్నం ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. ఉన్నది ఆ కారే. మల్లేశం నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను, వెనక అతని తల్లి యాదమ్మను పట్టుకుంది. దారిలో రుద్రారం దాటాక కూడా స్టీరింగు వెన్నలా తిరిగింది. సంగారెడ్డి మీదుగా జోగిపేటకూ దారి అదేనని అప్పుడు నాకు తట్టలేదు.

సంగారెడ్డిలో ఆస్పత్రి గేటు దగ్గర స్టీరింగు బిగుసుకుపోయింది. ఇద్దరం కలిసి లాగినా కదల్లేదు. బ్రేకు తొక్కుతున్నా కారు గేటు దాటి ముందుకే పోతోంది. "అన్నా, గీ బిడ్డ సుత పోతదే!" అని మల్లేశం బావురుమన్నాడు. నేను తాళంచెవి పీకేసి, చేతిబ్రేకు బలంకొద్దీ లాగాను. కారు ఆగింది. యాదమ్మను చేతుల మీద మోసుకుంటూ వెనక్కి పరుగెత్తాం.

ఆడపిల్ల పుట్టింది. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదని నర్సు మమ్మల్ని చెడామడా తిట్టింది. బయటికొచ్చి చూస్తే కారు లేదు. తాళంచెవి నా జేబులోనే ఉంది.

పోలీసుల దగ్గరికి పోదామన్నాను నేను. మల్లేశం వినకుండా మర్నాడు పొద్దున్నే జోగిపేట బస్సెక్కాడు, నేనూ వెంట వెళ్లాను. కారు ముసలాయన ఇంటి ముందే నిలబడి ఉంది.

"నేను తోల్కరాలె. అదే వచ్చింది. చెప్పిన గద," అన్నాడు ముసలాయన, మొహం చూడకుండా.

కారు తలుపు తీశాను. మేం కుట్టిన రెగ్జిన్ తొడుగు లేదు. స్టీరింగు చుట్టూ ఎర్రతాడు ఉంది, ఎక్కడా ముడి లేకుండా ఒకటే తాడు. వేలితో తడిమితే బూడిద అంటింది.

"బిడ్డ దక్కింది, సాలు. ఇగ పోదాం పా అన్నా," అని మల్లేశం నా దగ్గర్నుంచి తాళంచెవి తీసుకుని బానెట్ మీద పెట్టేశాడు.

ముసలాయనే కొత్త తాడు చుట్టి ఉంటాడని చాలాకాలం అందరితో వాదించాను. కొత్త తాడుకు బూడిద ఎలా అంటిందని ఎవరైనా అడిగితే మాత్రం, ఇవాళ్టికీ లేచి వెళ్లిపోతాను.