కవ్వం లాటే

నానక్‌రామ్‌గూడ పోచమ్మ ఒక్క కవ్వంతో యాభై మంది పోలీసులను రెండు గంటలు కదలకుండా నిలబెట్టిన మనిషి. నమ్మకపోతే ఆ గల్లీలో ఎవరినైనా అడగండి. యాభై అంటే తక్కువ చెప్పారని కోప్పడేవాళ్లు కూడా ఉన్నారు.

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజులవి. మర్నాడు ట్యాంక్‌బండ్ మీద పెద్ద సభ. ముందురోజే పేరున్నవాళ్లనల్లా పట్టుకుపోతున్నారు. పోచమ్మ మొగుడు ఎల్లేశం షేర్ ఆటో నడుపుతాడు, ప్రతి రాస్తారోకోలో ముందుంటాడు. పోయినసారి తీసుకుపోతే మూడో రోజుకు ఇంటికొచ్చాడు. అప్పటినుంచి ఎడమ చెవి వినపడదు. ఈసారి పోతే ఏది పోగొట్టుకుని వస్తాడోనని పోచమ్మకు తిండి సహించడం లేదు.

మధ్యాహ్నం ఎల్లేశం వెనకగదిలో పడుకున్నప్పుడు తలుపు చప్పుడైంది. తీస్తే హెడ్ కానిస్టేబుల్ యజ్ఞనారాయణ.

"ఎల్లేశం ఉన్నాడా అమ్మా?"

"లేడు సార్. గిరాకి మీద పోయిండు."

ఆయన గడప పక్కనున్న మగ చెప్పుల వంక చూశాడు. "సరే, వచ్చేదాకా కూర్చుంటాను."

"కూసోండి పోలీస్ సార్," అని పోచమ్మ అక్కర్లేనంత గట్టిగా అంది. లోపల మంచం కిర్రుమనలేదు. కుడి చెవి దిండుకు ఆనించి పడుకున్నాడేమో. అట్లయితే నెత్తిన డప్పు కొట్టినా లేవడు.

ఆమె హైటెక్ సిటీలో ఒక ఆఫీసు క్యాంటీన్‌లో కాఫీ మిషన్ దగ్గర పనిచేస్తుంది. నోటికి అదే వచ్చింది. "మా ఆఫీసుల మసాలా లాటే, నురుగు చాయ్ చేస్త సార్. జర టైం పడ్తది."

"మిషన్ లేకుండానా?"

"కవ్వం ఉన్నది సార్."

వంటగదికీ వెనకగదికీ మధ్య ఒక పరదా. దాల్చినచెక్క, లవంగాలు, యాలకులు, నాలుగు మిరియాలు చిన్న రోట్లో వేసి, రోలు పగిలేలా దంచింది.

"ఏంటమ్మా, టీకి ఇంత దంపుడా?"

"మెత్తగుండాలె సార్."

మంచం కిర్రుమంది. పోచమ్మ వెంటనే దగ్గింది. మసాలా, చాయపత్తి నీళ్లలో మరిగించింది. ఇంట్లో చక్కెర లేదు. బెల్లం ముక్క మసిలే పాలలోనే వేసింది. పాలు విరిగిపోయాయి.

"అయిందా అమ్మా?"

"మళ్ల పెట్టిన సార్."

రెండో ప్యాకెట్ కాగగానే కవ్వం తిప్పడం మొదలుపెట్టింది. పెరట్లో దారికి అడ్డంగా పెట్టిన రేకు గీసుకుంటున్న చప్పుడు. కవ్వం ఇంకా జోరుగా తిప్పింది. నురుగు పొంగి చెయ్యి కాలినా ఆపలేదు.

యజ్ఞనారాయణ లేచాడు. "వెనక ఎవరు?"

పోచమ్మ అంచుదాకా నురుగు నింపిన స్టీలు గ్లాసు ఆయన చేతిలో పెట్టింది. అసలే లాఠీ చంకలో ఉంది, దించుదామంటే చోటు లేదు, పరుగెడితే ఒళ్లు కాలుతుంది. ఊదుకుంటూ, మీసానికి నురుగు అంటించుకుంటూ, అడుగులో అడుగు వేసుకుంటూ వెనకగదికి పోయాడు. ఖాళీ మంచం. దుప్పటి మీద చెయ్యి పెట్టాడు.

"ఇంకా వెచ్చగా ఉంది."

"నేనే పండుకున్న సార్."

ఆయన నిలబడే లాటే తాగాడు. గ్లాసు ఇచ్చి, చెప్పుల మీదుగా దాటి వెళ్లిపోయాడు. పోచమ్మ తలుపుకు గొళ్లెం పెట్టి, అక్కడే కూలబడింది. ఎల్లేశం ఉత్త కాళ్లతో బంధువులింటికి చేరాడని కబురొచ్చేదాకా లేవలేదు.

ఆ కవ్వం కథ ఇప్పుడు ఎవరు ఎత్తినా పోచమ్మ చేతిలో పని ఆపదు.

"యాభై మంది లేరు, ఒక్కడే. రెండు గంటలు కాదు, అరగంట. నేనెవ్వల్ని ఆపలే, నాకే కాళ్లు ఆడలే."