అక్క సంగీత్‌ల నా గిటార్ కచేరీ

యాప్రాల్‌ల ఒక ఫంక్షన్ హాల్ ఉంది. దాని ముందల నుంచి పోవాల్సి వస్తే నేను ఇప్పటికీ హెల్మెట్ అద్దం కిందికి దించుకుంట. ఎండకు కాదు, దుమ్ముకు కాదు. వాచ్‌మెన్ గుర్తుపడ్తడని. ఆ హాల్ల రెండు ఖాందాన్ల ముందల నా ఇజ్జత్ నేనే తీసుకున్న. మైకుల తీసుకున్న. అది చాలదన్నట్టు, వెనక వరసలోళ్లకు కనిపిస్తదో లేదో అని పెద్ద తెర మీద సుత ఏసి చూపించిన. ఎట్లనో చెప్తా. నవ్వుండి, కానీ జెర మెల్లగ నవ్వుండి. పక్క రూముల డాడీ ఉన్నడు, ఆయన ఇంకా ఆ టాపిక్ మర్చిపోలే.

నా పేరు వినయ్. ఈ పేరు పెట్టినప్పుడు మావోళ్లకు నా కోపం సంగతి తెల్వదు, అప్పుడు నాకు ఇంకా పండ్లు రాలే. మేముండేది సికింద్రాబాద్‌ల, కార్ఖానా ఏరియాల. పొద్దంత లాప్‌టాప్ ముందల నౌకరీ, మిగతా టైమంత ఫోన్ ముందల జీవితం. ఒకరోజు రీల్స్ చూస్తుంటే ఒకడు గిటార్ వాయిస్తున్నడు. గాలికి వాడి జుట్టు ఎగురుతుంది. కామెంట్ల నిండ గుండెలే. "గింతేనా, గిదేం పెద్ద పని" అనుకున్న. నేను ఇప్పటిదాంక చేసిన ప్రతి వెధవ పనీ ఈ ఒక్క మాటతోనే షురూ అయ్యింది.

వారం తిరగకముందే క్లాక్ టవర్ దిక్కు ఒక దుకాణంల గిటార్ కొన్న. మా స్వప్నక్క దాన్ని చూసి, "నేరేడ్‌మెట్‌ల ఒక సారు మంచిగ చెప్తడట రా, పోయి చేరు" అన్నది.

"మనిషి దగ్గర పోయి నేర్చుకునుడేందక్కా, ఏ జమానాల ఉన్నవ్? ఆయన తిడ్తడు, నేను తిరిగి తిడ్త, రెండో రోజే క్లాస్ బంద్. ఫోన్ల కోర్సు తీసుకున్న. ఈ సారు ఎక్కువ మాట్లాడితే మ్యూట్ చెయ్యొచ్చు."

"గురువును మ్యూట్ చేస్తవా?"

"స్పీడు సుత పెంచొచ్చు."

మొదటి పాఠం. ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి పెట్టి, ఎదురుంగ కూసున్న. తెర మీద సారు గిటార్ పట్టుకొని నవ్విండు. ఆయన గిటార్ మెడ నా కుడి దిక్కు ఉంది. నేను సుత నా గిటార్ మెడను కుడి దిక్కే పెట్టిన. అద్దంల చూసి తల దువ్వుకుంటం చూడండి, అచ్చం గట్ల. ఆయన ఎట్లుంటే నేనట్ల. ఇప్పుడు మీల సగం మంది "అరే ఆగు, ఎదురుంగ కూసున్నోడి ఎడమ చెయ్యి మనకు కుడి దిక్కు కనపడ్తది కదా" అంటున్నరు. చాలా థాంక్స్. అప్పుడు ఏడ పోయిన్రు మీరంత?

అట్ల నా కుడి చెయ్యి తీగలు నొక్కుడు, ఎడమ చెయ్యి మీటుడు మొదలువెట్టింది. అన్నం కుడి చేత్తోనే తింట, సంతకం కుడి చేత్తోనే పెడ్త. గిటార్ ఒక్కటి ఎడమ చేత్తోని. నాకు మాత్రం అంత సీదానే అనిపించింది, ఎందుకంటే తెర మీద సారు సుత గట్లనే ఉన్నడు కదా.

ఇంతల సారు, "లావు తీగ పైన ఉంటది, సన్న తీగ కింద ఉంటది" అన్నడు. నా దాంట్ల చూస్తే లావుది కింద ఉంది. ఇగ నాకు మండింది. దుకాణపాయన నన్ను మోసం చేసిండు. వేరే ఏ ఆలోచనా రాలే. కోపం నా దగ్గరికి ఆటోల వస్తది, ఆలోచన వెనక నడుచుకుంట వస్తది. గిటార్ ఈపుకు తగిలించుకొని బండి తీసిన.

దుకాణం ఖాలిద్ భాయ్ అప్పుడే టీ ముందల పెట్టుకున్నడు.

"భాయ్, తీగలు ఉల్టా ఏసి అమ్మినవ్ నాకు."

ఆయన గిటార్ ఒళ్లో పెట్టుకొని చూసిండు. "సీదా ఉన్నయ్ కదా బేటా."

"లావు తీగ పైకి రావాలె నాకు."

"అచ్ఛా. ఎడమచేతి వాటమా నీది?"

"నా చేతుల సంగతి ఎందుకు భాయ్, గిటార్ సంగతి చెప్పు. లేకుంటే రివ్యూ పెడ్తా. ఒక్కటే స్టార్."

ఆయన ఒకసారి నా దిక్కు చూసిండు, ఒకసారి టీ దిక్కు చూసిండు. టీ సల్లారుతుంది. "రివ్యూలెందుకు బేటా, మార్చిస్త. రేపు రా" అన్నడు. తెల్లారి పోయేసరికి తీగలన్నీ అటుదిటు ఇటుదటు మార్చి పెట్టిండు. నేను గెలిచిన. బండి మీద ఈల ఏసుకుంట ఇంటికి వచ్చిన.

ఒక్క మాట ఒప్పుకోవాలె మీరు. కష్టపడ్డ. రోజూ ఆఫీస్ కాల్స్ అయిపోంగనే తలుపేసుకొని కూసునేది. వేళ్ల కొసలు కాయలు కాసి ఫోన్ లాక్ సుత తెరుసుకుంటలేకుండె. మొదట్ల కింది ఫ్లాట్ ఆంటీ పైకొచ్చి, "బాత్రూంల పని నడుస్తుందా బాబూ, ఇంకెన్ని రోజులు?" అని అడిగింది. కొన్ని నెలలకు ఆమెనే, "నిన్నటి పాట మళ్లొకసారి వాయించరాదు" అన్నది. కోర్సోళ్లకు సుత వారం వారం వీడియో తీసి పంపేది. సెల్ఫీ కెమెరాల తీసేది. మీకు ఎరుకే, సెల్ఫీ కెమెరా ఎడమను కుడి చేస్తది, కుడిని ఎడమ చేస్తది. అంటే వాళ్లకు నేను లోకంల అందరి లెక్కనే పట్టుకున్నట్టు కనిపించిన. వాళ్లు "అద్భుతం వినయ్ గారు" అని పంపేటోళ్లు. ఇంట్ల ఎవ్వరికీ గిటార్ ఏ దిక్కు పట్టుకోవాల్నో తెల్వదు. గట్ల నా తప్పును ఫోన్, ఇల్లు, కోర్సు అన్నీ కలిసి మంచిగ పెంచి పెద్ద చేసినయ్.

అప్పుడే అక్కకు పెళ్లి కుదిరింది. యాప్రాల్ సంబంధం. ప్రశాంత్ బావ నెమ్మదస్తుడు. సంగీత్ ముచ్చట వచ్చింది. డాడీ, "డీజే పెడ్దాం, అందరు ఎగురుతరు" అన్నడు. అక్క ఎప్పుడూ దేనికీ జిద్దు చెయ్యనిది, ఆ రోజు చేసింది.

"నేను పాడ్త డాడీ. ఒక్క పాట. స్కూల్ల పాడేది, కాలేజ్‌ల పాడేది. నౌకరీల చేరినంక నేను పాడ్తనని నాకే యాది లేకుండ పోయింది. అత్తగారింటోళ్లకు నన్ను గిట్ల సుత ఒకసారి చూడనియ్యి."

"మ్యూజిక్ ఎవరేస్తరు?"

"తమ్ముడు లేడా?"

చెప్తున్న, ఆ మాటకు నాకు ఛాతీ ఎంత ఉబ్బిందంటే అంగీ గుండీలు కాపాడుకున్న. డాడీ నా దిక్కు నమ్మకం లేని చూపు చూసిండు. డీజేకు జెర సేపు ఛుట్టీ ఇచ్చిన్రు. నేను, అక్క రోజూ సాయంత్రం ప్రాక్టీస్ చేసినం. బాగుండె. కళ్లు మూసుకొని ఆమె పాడ్తుంటే అమ్మ కుక్కర్ సుత బంద్ చేసి వచ్చి నిలబడేది.

సంగీత్ రోజు పొద్దున బావ తమ్ముడు రోహిత్ మెసేజ్ పెట్టిండు. "బావా, స్టేజ్ మీద నా గిటార్ ఉంటది. స్పీకర్లకు వైర్ కలిపి రెడీ పెట్టిన. మీది మోసుకొచ్చుడెందుకు?"

అక్క, "నీదే తీస్కరా, నీకు అలవాటైంది కదా" అన్నది.

"అక్కా, ఎవరిదైతేంది? దానికీ ఆరు తీగలే ఉంటయ్. కొత్త కుర్తా ఏసుకున్న, ఈపు మీద గా మూటతోని బండి మీద ఎట్ల వస్త?"

కుర్తా నలగొద్దని గిటార్ ఇంట్ల పెట్టిన. కుర్తా నలగలే, అదొక్కటి దక్కింది.

హాల్ నిండింది. మొదటి వరసల బావ నానమ్మ, చేతిల తమలపాకుల డబ్బాతోని. పెద్ద తెర మీద అక్క, బావ ఫొటోలు తిరుగుతున్నయ్. డీజే ఆగింది. అక్క మైకు తీసుకుంది. నేను రోహిత్ గిటార్ అందుకొని నా పద్ధతిల పెట్టుకున్న, మెడ కుడి దిక్కు. కింద రోహిత్ ఏందో చెప్పనీకి చెయ్యి ఎత్తిండు. అభిమాని అనుకొని నేను సుత చెయ్యి ఊపిన.

మీటిన.

పెండ్లి వంటల కాడ స్టీలు ప్లేట్ల బుట్ట మెట్ల మీద నుంచి దొర్లితే ఎట్లుంటదో, గట్ల ఉంది. పాట ఎత్తుకోబోయిన అక్క నోరు తెరిచి అట్లనే ఆగింది.

"ఒక్క నిమిషం. శ్రుతి పోయింది" అన్న. ఫోన్ తీసి శ్రుతి చూసే యాప్ పెట్టిన. ఒక్కొక్క తీగ మీటిన. అన్నీ పచ్చ లైట్లు. అంత కరెక్ట్ అంటది యాప్. మళ్లొకసారి మీటిన. ఈసారి ప్లేట్లతోని గరిటెలు సుత దొర్లినయ్.

అక్క మెల్లగ, "ఏమైంది రా?" అన్నది.

"నాకేం కాలే. ఎవరో దీన్ని గెలికిన్రు."

అప్పుడు యాది లేనిదేందంటే, నా మూతి ముందల మైకు ఉంది. ఆ ముక్క నాలుగు స్పీకర్లల పోయి, గోడలకు తగిలి, తిరిగి నా దగ్గరికే వచ్చింది. ఆగిన్నా? నేను ఆగితే ఈ కథ ఎందుకుంటది.

"పొద్దున మెసేజ్ పెట్టినప్పుడే అనుకున్న. నీది తేవద్దు, మాది వాయించు అంటే ఏందీ మతలబ్? మా అక్క పాడితే మీకేం తక్లీఫ్?"

డాడీ కుర్చీల నుంచి లేస్తున్నడు, అమ్మ ఆయన చెయ్యి పట్టుకొని గుంజుతుంది. నానమ్మ పక్కామెను, "ఏమంటుండే గా పిలగాడు?" అని అడిగింది.

రోహిత్ స్టేజ్ ఎక్కి నా చెవి కాడికి వచ్చిండు. "బావా, మీరు గిటార్ ఉల్టా పట్టుకున్నరు."

"నేను ఉల్టానా? రోజూ గిట్లనే పట్టుకుంట."

"లెఫ్టీనా మీరు?"

"అందరు నన్ను గదే అడుగుతరేంది? సాక్ష్యం చూపియ్యాల్నా? కోర్సోళ్లకు పంపిన నా వీడియో ఉంది." మెల్లగ అతనికి ఒక్కనికే చూపిస్తే అయిపోయేది. నేను తెర కాడ కూసున్నాయనకు ఫోన్ ఇచ్చిన. "అన్నా, దీన్ని పెద్ద తెర మీద ఎయ్యి. అందరు చూడాలె."

ఏసిండు. తెర మీద నేను, గోడంత పెద్దగ, గిటార్ మెడ అందరి లెక్కనే ఉన్నది. "చూసిన్రా?" అన్న.

ముందు వరసల నానమ్మ కళ్లద్దాలు సర్దుకుంది. "బిడ్డా, నీ అంగీ మీద అక్షరాలు తిరగేసి ఉన్నయేందిరా?"

చూసిన. వీడియో తీసిన రోజు నేను ఏసుకున్న టీషర్ట్ మీద సికింద్రాబాద్ అని పెద్దగ రాసి ఉంటది. తెర మీద అది కుడి నుంచి ఎడమకు, ప్రతి అక్షరం మొహం తిప్పుకొని ఉంది. వెనక గోడ గడియారంల అంకెలు సుత ఉల్టా. ఉల్టా లేనిది నా గిటార్ ఒక్కటే. అంటే అసలు ఉల్టా ఏందో మీకు వేరే చెప్పాల్నా? ఒకరు నవ్విన్రు. వెనక నుంచి ఇంకొకరు. అటెన్క హాలంత.

అందరితోని నేను సుత నవ్వేసేటోన్నే, కానీ అక్క మొహం చూసిన. ఆమె నవ్వుతలేదు. మైకు రెండు చేతులతోని గట్టిగ పట్టుకొని నిలబడింది. డీజే ఆయన అప్పుడే ఏదో పాట పెట్టనీకి చెయ్యి కదిలిస్తున్నడు. ఆ పాట పడ్డదంటే అక్క పాట పోయినట్టే.

ఆ టైంల నా జీవితంల మొదటిసారి కోపం కన్నా ముందు ఆలోచన వచ్చింది. గిటార్ తీసి రోహిత్ చేతిల పెట్టిన. "బావా, తప్పయింది. నువ్వు వాయించు. మా అక్కను పాడనియ్యి."

రోహిత్ గిటార్ సీదా పట్టుకొని, "వదినా, ఏ శ్రుతి?" అని అడిగిండు. అక్క మెల్లగ కొంచెం పాడి చూపిచ్చింది. అతను అందుకున్నడు.

అక్క మాత్రం నా దిక్కు వంగింది. "సాహిత్యం మర్చిపోయిన రా, నీ ఫోన్ల ఉంది" అన్నది. ఇగ నేను తెర కాడి ఆయన దగ్గర నుంచి ఫోన్ తెచ్చి, ఆమె ముందల మోకాళ్ల మీద కూసొని, రెండు చేతులతోని ఫోన్ ఎత్తి పట్టుకున్న. అన్ని నెలల కోర్సు, కాయలు కాసిన వేళ్లు, చివరికి దొరికిన నౌకరీ గిది. స్టాండు. పైగా అక్క చరణం ఎత్తుకోంగనే అక్షరాల మీద ఒక డబ్బా వచ్చి కూసుంది. "వినయ్ గారు, ఈరోజు గిటార్ ప్రాక్టీస్ చేయలేదు." బొటనవేలితోని దాన్ని తుడిచేసిన.

అక్క పాడింది. ఇంట్ల ప్రాక్టీస్ చేసినప్పటి కన్నా బాగ పాడింది, దానికి నాకు ఇంకా మండింది, సంతోషం సుత అయ్యింది. పాట అయిపోయినంక చప్పట్లు ఆగలే. బావ కండ్లు తుడుసుకుంటున్నడు. డాడీ సుత, కానీ నా దిక్కు తిరిగినప్పుడు ఆ కండ్లు వెంటనే ఆరిపోయినయ్.

నానమ్మ స్టేజ్ కాడికి వచ్చి అక్క తల నిమిరింది. "కోయిల లెక్క పాడినవ్ బిడ్డా." రోహిత్ భుజం తట్టింది. ఆఖరికి నా కాడ ఆగి, కాసేపు ఆలోచించి, "నువ్వు సుత ఫోన్ జెర కదలకుండ మంచిగ పట్టినవ్" అన్నది.

ఇప్పటికీ నేను ఎడమ చేత్తోనే వాయిస్తున్న. మార్చుకోనీకి చూసిన, వేళ్లు వినలే. చేతులు మారలే, కోపమన్న మారాలె కదా. అందుకే, ఇది చదివినోళ్లందరి సాక్షిగా, బావ నానమ్మ సాక్షిగా, నా ఫోన్ స్క్రీన్ గార్డ్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్న. ఈ జన్మల మళ్ల ఎవరి మీదన్న నాకు కోపం వస్తే, ముందు మైకు ఆఫ్ చేస్త. అటెన్కనే తిడ్త.