లైబ్రరీ చేరిన ఎర్ర పటం

నేను బడి మెట్టెక్కలేదు. మా బాపు మగ్గం మీద కూర్చొని నేస్తూ, పక్కన నాకు పలక పెట్టి అక్షరాలు దిద్దించిండు. ఆయన పెట్టిన ఆ భిక్షే ఈ వయసులో నన్ను యూనివర్సిటీ లైబ్రరీ లోపలికి తీసుకపోయింది. కరీంనగర్‌లో బిడ్డ ఇంటికి పోయినప్పుడల్లా పొద్దున దీపం ముట్టించి, ఇంత తిని, అక్కడికి పోయి కూర్చుంటున్న. తాళపత్రాలు, చేతిరాత పుస్తకాలు దాచిపెట్టిన గది ఒకటుంది అక్కడ. దాన్ని చూసుకునే మేడం నా బిడ్డ ఈడు పిల్ల. నన్ను "అమ్మా" అని పిలుస్తది, అడిగింది ఓపికగా తీసి చూపిస్తది. దేవుడు కొందరిని మన కోసమే కూర్చోబెడతడా అనిపిస్తది.

ఒకనాడు ఆ గది బల్ల మీద ఎర్రటి బట్ట మూరెడు విప్పి ఉంటే చూసి ఆగిపోయిన. అది పటం. మా సాలోళ్లకు, అంటే నేతపని కులపోళ్లకు, కులం కథ చెప్పేటోళ్లు వేలాడగట్టి, ఒక్కో బొమ్మకు కట్టె ఆనించుకుంట పాడే పటం. పట్నం ఆయన ఎవరో ఎన్నడో కొనుక్కొని, చివరికాలంలో తన సామానంతా లైబ్రరీకి ఇచ్చిండట. ఆ పెట్టెల్లో ఇది బయటపడ్డది. చేతులు జోడించి వచ్చేసిన.

తర్వాత కొన్నాళ్లకు వేములవాడలో మా వాడకు కథ చెప్పేటాయన వచ్చిండు. డెబ్బై దాటిన మనిషి. మా పెండ్లయిన కాన్నుంచి ఆయన గొంతు వింటనే ఉన్న. అన్నం పెడుతూ మాటల్లో మాటగా అన్న.

"అన్నా, మీ పటం అసొంటిదే ఒకటి కరీంనగర్ లైబ్రరీల చూసిన. పటం చుట్టే పై కట్టె మీద చాకుతోని చెక్కిన శూలం గూడ ఉన్నది."

ఆయన కలిపిన ముద్ద కంచంలనే వదిలిండు.

"ఏ కొసకున్నది?"

"ఎడమ కొసకు."

"అది మా బాపు చెక్కింది, చెల్లె."

ఇగ ఆ పూట అన్నం సాగలేదు. ఆయన చెప్పుకుంట పోయిండు. వాళ్లకు పటమంటే బొమ్మల బట్ట కాదు, దేవుడు. పాతబడితే కొత్తది రాయించుకొని, పాతదాన్ని మనిషిని సాగనంపినట్టే సాగనంపి గోదావరిలో కలుపుతరు. అమ్ముడన్నది లేదు. కానీ ఆయన తండ్రి కొత్త పటం రాయించి ఇంటికి తెచ్చి, ఒక్క కథన్నా చెప్పక ముందే, చుట్టినదాన్ని చుట్టినట్టే పట్నం ఆయనకు పైసలకు ఇచ్చేసిండు. ఎందుకని ఎవరడిగినా నోరు తెరవలేదు. పాత పటం చినిగినకాడ కుట్టుకుంటనే బతికినన్నాళ్లు కథ చెప్పిండు.

"దేవుణ్ణి అమ్ముకున్నోనికి పెత్రమాస బియ్యం ఏందిరా అన్నది మమ్ముల కన్న అవ్వ. బాపు పోయినంక ఒక్క పెత్రల అమాసకు గూడ ఆయన పేరు మీద బియ్యం ఇయ్యనియ్యలే. అవ్వ పోయినంక నాకే చెయ్యి రాలే," అన్నడు. "దాన్ని అడిగి తెచ్చి గంగల కలుపుతే బాపు పాపం కడుక్కపోతది. నువ్వు జర నాతోని రా. ఆఫీసోళ్లతోని నాకు మాట్లాడరాదు."

పక్కన కూర్చున్న మా ఆయన నవ్విండు. "తెల్లారెదాక కథ చెప్పేటోనివి, మాట్లాడరాదా?"

"కథలయితే రాజులతోని మాట్లాడుత. ఆఫీసుల బంట్రోతుతోని గూడ మాట్లాడరాదు."

సరే అన్న గానీ మనసు రెండు దిక్కులు పోయింది. నీళ్లల్లో కలవాల్సింది కలవాలె, అది ఆచారం. కలిస్తే మా కులం పిల్లలు రేపు చూద్దామన్నా ఉండదు. పోయేముందు రాజన్నకు దండం పెట్టుకొని, ఏది మంచిదో అదే చెయ్యి తండ్రీ అన్న. అంతకుమించి అడగడానికి నాకు తెలువలేదు.

లైబ్రరీలో అవసరం లేదంటున్నా వినకుండ ఆయన చెప్పులు గడప అవతలనే విడిచిండు. లోపల ఏసీకి భుజాలు ముడుచుకొని, "దేవునికి గింత సలి పెడితె సర్ది గాదా, మేడమమ్మా?" అన్నడు.

"దేవునికి కాదు తాతా, పురుగులకు సర్ది చెయ్యాలనే."

పటం తిరిగి ఇస్తరా అని నేనే అడిగిన. మేడం ముఖం చిన్నగయింది. "నా చేతిలో లేదమ్మా. పైవాళ్లకు దరఖాస్తు పెట్టండి, నేను అడ్డం చెప్పను. కానీ ముందు తాత ఒకసారి చూడాలె. నాకొక అనుమానం ఉన్నది."

ఆమె పొడుగు బల్ల మీద పై కొస నుంచి మెల్లగ విప్పింది. వినాయకుడు కనబడంగనే ఈయన కండ్లు మూసుకొని చేతులు జోడించిండు. కథ మొదట పాడే పాట పెదవుల మీదికి వచ్చింది.

"తాతా, నేను ఫోటోలు తీసి పెద్దగ చేసి చూసిన. కనుగుడ్లు లేవు. మొదలు రంగు రాలిందనుకున్న. రాలిన జాడ లేదు. కింది దాక ఎవ్వరికీ నల్ల చుక్క పెట్టనే లేదు. ఎందుకో మీకేమన్న తెలుసా?"

పాట ఆగింది. జేబులో అద్దాలు తీసి పెట్టుకొని వంగిండు. ఆమె విప్పుకుంట పోయింది, ఆయన చూసుకుంట పోయిండు. రాజులు, మునులు, పెండ్లిపిల్ల, ఏనుగు, ఆఖరికి చిలుక. అందరికీ తెల్లటి కండ్లే. ఆయన కుర్చీ వెతుక్కొని కూర్చున్నడు.

"కన్ను తెరవలే," అన్నడు. "రాసినాయన ఆఖరుకు తానం చేసి, కొబ్బరికాయ కొట్టి కండ్లు పెడతడు. అప్పుడే దేవుడు వస్తడు. ఒకలు రాసినదానికి ఇంకొకలు కన్ను పెట్టరు. మాకు ఈ బొమ్మలు రాసిన నకాషాయన ఆ యేడే పోయిండు. పటం పూర్తయినంకనే పోయిండనుకున్నం."

"మరి మీ బాపు ఇంట్లో ఎందుకు చెప్పలేదు?" అని మేడం అడిగింది.

ఆయన అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నడు. "రాస్తరాస్త మనిషి పోయిన పటం, అపశకునం. అది మా ఇంట్లున్నదని తెలిస్తే ఏ వాడల కథ పెట్టిచ్చుకుంటరు? మేం ఇంటినిండ పిల్లలం."

ఆ తండ్రి దేవుణ్ణి అమ్మలేదు. అమ్మిండన్న పేరును మాత్రం మోసిండు, పెండ్లాం ముందట గూడ. ఈ పిల్లకు చూడాలన్న బుద్ధి పుట్టించి, ఎప్పటిదో నింద దించినందుకు ఆ గదిలోనే మనసులో రాజన్నకు మొక్కుకున్న. అదివరకు నేను దండం పెట్టింది దేవుడు లేని బట్టకని తెలిసింది. అయినా ఆ దండం వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

"దరఖాస్తు రాద్దామా, అన్నా?" అన్న.

"గంగల కలిపేది పానం పోయినదాన్ని, చెల్లె. దీనికి పానమే రాలే. ఇక్కడనే ఉండనియ్యి." మేడం దిక్కు తిరిగిండు. "బాగు చేస్తమని ఎవ్వలతోని కండ్లు మాత్రం పెట్టియ్యకు, బిడ్డా."

"పెట్టించం తాతా," అని ఆమె పటాన్ని చుట్టింది.

వరండాలో చెప్పులేసుకొని, నా చేత ఇంటికి ఫోన్ కలిపించిండు. అవతల వాళ్ల ఆమె.

"ఆ, చూసిన. గంగల కలిపేది లేదు, వచ్చినంక చెప్త. అది గాదు, ఇను. ఈ పెత్రమాసకు బియ్యం ఇచ్చేటప్పుడు బాపు పేరు గూడ చెప్పాలె. ఎవల బాపు ఏందే, మా బాపే."