రెండోసారి పాడే పద్యం

మా నాయన కాలేషాకు బేస్తవారిపేటలో పరుపులు కుట్టే దుకాణం ఉంది. దూది దుమ్ముకు ముక్కు మీద గుడ్డ కట్టుకుని మరీ నాటకాల పద్యాలు రాగం తీస్తాడు. "ఆ గుడ్డన్నా విప్పి పాడు, ఏం పాడుతుండావో మాకూ తెలుస్తాది" అని అమ్మ దెప్పుతుంది.

చిన్నప్పుడు నాటకమంటే ఆయనకు అట్టకిరీటాలు, చెక్కకత్తులేనట. రాజు పద్యం ఎత్తుకోగానే జేజి ఒళ్లో నిద్రపోయి, కత్తుల చప్పుడుకు లేచేవాడట. మీసాలొచ్చే వయసులో మనసు రాణి వేషం పాటల మీదికి పోయింది. క్యాసెట్లు అరిగిపోయేదాకా విన్నాడు. సంసారం నెత్తిన పడ్డాకే పద్యం రుచి తెలిసింది. ఇప్పుడు కిరీటం వంకరగా ఉన్నా పట్టించుకోడు. రాగం చివర గొంతు ఎట్లా తిరిగిందన్నదే ఆయనకు కావాలి.

మా వైపు పద్యం నచ్చితే జనం వన్స్‌మోర్ కొడతారు. నటుడు మళ్లీ పాడాలి. మొదట పాడినట్టే పాడితే ఒప్పుకోరు, రాగాన్ని ఇంకో దారిలో తిప్పాలి. అర్ధవీడు నుంచి వచ్చే ఆదెయ్య ఆ దారిని ముందే పసిగట్టి హార్మోనియం మీద వేళ్లు పరిగెత్తించేవాడు.

ఈ ఏడు తిరునాళ్ల నాటకాల కమిటీకి ఎరువుల కొట్టు అరవింద్ పెద్దగా వచ్చాడు. దుకాణానికొచ్చి, "మామా, ఈసారి పద్యాలన్నీ వేరేవాళ్లతో రికార్డు చేయించినాం. రాజు వేషం కట్టే కోటేశ్వర్లు పెదాలు కదిలిస్తే చాలు" అన్నాడు.

"మరి ఆదెయ్య?"

"పిలవలేదు. జనం బాగుందంటే ఇంక ఎప్పటికీ హార్మోనియంతో పనిలేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. పెదాలు కదిలించడానికి మనిషెందుకు? బట్టల కొట్టు బొమ్మకు కిరీటం పెడితే సరిపోదా?

నాటకం రోజు ఉండబట్టలేక ఆదెయ్య బస్సెక్కి వచ్చాడు. పిలవని పేరంటానికి వచ్చినట్టు, ఒట్టి చేతులతో జనంలో మా పక్కన కూర్చున్నాడు.

నాటకం మొదలైంది. రాజు పద్యం అయిందో లేదో నాయన లేచాడు. "వన్స్‌మోర్!"

కోటేశ్వర్లు బిత్తరపోయాడు. రికార్డు ఆగలేదు. అందులో రాణి ఏడుపు మొదలైంది, రాణేమో ఇంకా తెర వెనకే ఉంది. జనం గొల్లున నవ్వారు. మైకువాడు కంగారుగా వెనక్కి తిప్పి అదే పద్యం మళ్లీ వేశాడు. అదే ఊపిరి, అదే విరుపు. సిగ్గులేకుండా కొందరు చప్పట్లు కూడా కొట్టారు!

"వన్స్‌మోర్ అంటే ఇదేనంట్రా? ఇది మొదటిదే! రెండోది యాడ?" నాయన గొంతు పందిరంతా వినపడింది. "కోటేశ్వర్లూ, నీకు నోరు లేదా?"

ఆ మాట కోటేశ్వర్లుకు తగిలింది. రికార్డు ఆపించి, ముందుకొచ్చి పాడాడు. పాడక ఎన్నాళ్లయిందో, పైస్థాయిలో గొంతు చీలిపోయింది.

అరవింద్ గెలిచినట్టు నవ్వాడు. "చూసినావా మామా? అందుకే రికార్డు పెట్టినాం."

"తప్పు పాడితే పాడినాడు, సొంతంగా పాడినాడు కదా!" అని నాయన అంతకంటే గట్టిగా అరిచాడు. "వన్స్‌మోర్!"

ఆదెయ్య కూర్చున్నచోటనే నోటితో శ్రుతి పట్టాడు. మా వెనక వరసల వాళ్లు కూడా వన్స్‌మోర్ కొట్టారు. కోటేశ్వర్లు ఆ శ్రుతి అందుకుని, ఈసారి రాగాన్ని కిందిస్థాయిలోకి దింపి, నెమ్మదిగా ఇంకో దారిలో నడిపించాడు. ముందు నవ్వినవాళ్లే లేచి నిలబడి విన్నారు. నాయన కళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

తెల్లారి అరవింద్ దుకాణం ముందు బండి ఆపాడు. దిగలేదు. "మామా, వచ్చే ఏటికి హార్మోనియానికి ఆదెయ్యను మాట్లాడుకోవాల. ఫోన్ నంబరియ్యి."

నాయన దూది ఏకడం ఆపి, ముక్కు మీది గుడ్డ విప్పాడు.

"ఫోనేంది? పిలవకుండా అవమానించింది నువ్వు. ఆకూవక్కా తీసుకొని అర్ధవీడు పో. ఆయన గడపలో నిలబడి అడుగు."

అరవింద్ నసిగాడు. "సరే మామా, అడుగుతా."

"ఒకసారి అడిగితే రాడు. రెండోసారి అడుగు," అన్నాడు నాయన. "మొదట అడిగినట్టు కాదు."